తూకం సులువే, పొడవుతోనే పేచీ: పిల్లల కొలతల బృందంలో నా అనుభవం

పసిబిడ్డ బరువెంత అని అడిగితే ఇంట్లో ఎవరైనా ఠక్కున చెబుతారు. పుట్టినప్పుడెంత, మూడో నెలలో ఎంత, జ్వరం వచ్చి తగ్గాక ఎంత, అన్నీ నోటికి వచ్చి ఉంటాయి. పొడవెంత అని అడిగి చూడండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను చూసిన ఆరోగ్య కార్డుల్లో చాలావాటి సంగతీ ఇంతే. బరువు గడులు వరసగా నిండి ఉంటాయి, పొడవు గడులు ఖాళీగా ఉంటాయి. అయిదేళ్లలోపు పిల్లల పోషకాహార స్థితిని తెలుసుకునే సర్వేలో కొలతలు తీసే బృందంలో పనిచేశాక ఆ గడులు ఎందుకు ఖాళీగా మిగులుతాయో నాకు తెలిసింది. బరువును యంత్రం చూపిస్తుంది. పొడవును మనిషే తీయాలి, అదీ ఒక్కరివల్ల అయ్యేది కాదు.

మా శిక్షణలో సింహభాగం పొడవుకే పోయింది. రెండేళ్లు నిండని బిడ్డను పడుకోబెట్టి కొలుస్తారు, దాన్ని పొడవు అంటారు. రెండేళ్లు నిండినవాళ్లను నిలబెట్టి కొలుస్తారు, అది ఎత్తు. ఒకే బిడ్డను రెండు రకాలుగానూ కొలిస్తే ఒకే అంకె రాదు. పడుకున్నప్పుడు వెన్నెముక మీద ఒంటి భారం ఉండదు కాబట్టి కాస్త ఎక్కువ వస్తుంది. ఆ తేడాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క 0.7 సెంటీమీటర్లు. రెండేళ్లలోపు బిడ్డ పడుకోనని మొండికేసి నిలబడే కొలిపించుకుంటే వచ్చిన ఎత్తుకు 0.7 కలపాలి. రెండేళ్లు దాటిన బిడ్డను నిలబడలేని స్థితిలో పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసేయాలి. అందుకే ఫారంలో పడుకోబెట్టారా, నిలబెట్టారా అని ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే ఎంత జాగ్రత్తగా తీసిన కొలతైనా గాలికి పోయినట్టేనని మా శిక్షకురాలు మొదట్లోనే చెప్పేశారు. ఆవిడ ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న మనిషి. మెచ్చుకోలు మాట ఆవిడ నోట రావడం కష్టం, కానీ బిడ్డ ఏడ్చే తీరును బట్టి ఆకలా, భయమా, కోపమా అని చెప్పేయగలరు.

పొడవు బల్ల చూడటానికి ఏమంత గొప్ప వస్తువు కాదు. వెడల్పాటి పలక, ఒక కొసన కదలకుండా బిగించిన తలపలక, రెండో వైపు ముందుకూ వెనక్కూ జరిగే పాదాల పలక, అంచు వెంబడి మిల్లీమీటర్ల గీతలు. నేలమీద ఆడకుండా పెడితే సగం పని అయినట్టే. మిగిలిన సగం ఇద్దరు మనుషులది. సహాయకులు తలపలక వెనక మోకాళ్లమీద కూర్చుని, రెండు అరచేతులూ దోసిలిలా చేసి బిడ్డ చెవుల మీదుగా తలను పట్టుకోవాలి. నడినెత్తి తలపలకకు ఆనాలి. ఒత్తుగా జుట్టు ఉంటే అది అణిగేంతగా ఆనాలి. బిడ్డ చూపు నిటారుగా పైకప్పు వైపు ఉండాలి. గడ్డం ఛాతీకి తగిలినా, మెడ వెనక్కి వాలినా కొలత తప్పుతుంది. కొలిచేవాళ్లు బిడ్డకు కుడిపక్క కూర్చుని ఎడమచేత్తో మోకాళ్లను మెల్లగా అదిమి, కుడిచేత్తో పాదాల పలకను జరుపుకుంటూ వచ్చి అరికాళ్లకు ఆనించాలి. తల్లి ఎదురుపక్కన కూర్చుని బిడ్డ కళ్లలోకి చూస్తూ మాట్లాడుతూ ఉండాలి. ఇవన్నీ ఒకే క్షణంలో సరిగ్గా ఉన్నప్పుడు వచ్చిన అంకె మాత్రమే లెక్క. ఆ క్షణం ఎంతసేపో ఉండదు.

బొమ్మతో సాధన చేసినంతసేపూ మాకు బాగానే వచ్చింది. బొమ్మ కాళ్లు ముడుచుకోదు. మొదటిసారి బల్ల మీదికి వచ్చిన నిజమైన బిడ్డకు ఏడాది నిండబోతోంది. వీపుకు బల్ల చల్లదనం తగలగానే వెల్లకిలా విల్లులా వంగింది. నేను మోకాళ్ల మీద చేయి వేశాను. మోకాళ్లు దిగాయి, కాలివేళ్లు ముడుచుకున్నాయి. పలకకు తగులుతున్నది అరికాలు కాదు, ముడిచిన వేళ్లు. శిక్షకురాలు నా వెనక నుంచి, "అరికాలు గీరండి" అన్నారు. గోటితో మెల్లగా గీరగానే వేళ్లు విచ్చుకున్నాయి, ఆ అరక్షణంలో పలక జరిపాను, మడమలు ఆనాయి. 71.8 అని చదివాను. సహాయకురాలు అదే అంకె తిరిగి పైకి చెప్పి రాసుకుంది. "ఇప్పుడు మళ్లీ తీయండి" అన్నారు శిక్షకురాలు. బిడ్డను ఎత్తి, ఊరడించి, మళ్లీ పడుకోబెట్టి కొలిస్తే 72.6 వచ్చింది.

బిడ్డ అదే, బల్ల అదే, నడుమ గడిచింది కొన్ని నిమిషాలు. ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయి? రెండోసారి తల కాస్త జారిందని తేలింది. తలకీ తలపలకకీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. పాదాల వైపు కూర్చున్న నాకు అది కనబడే అవకాశమే లేదు.

శిక్షకురాలు అప్పుడు బల్ల మీద వేలితో గీసి చూపిస్తూ చెప్పిన సంగతి నేనింకా మరిచిపోలేదు. తల పలకకు ఆనకపోతే అంకె పెరుగుతుంది. మోకాలు వంగితే అంకె తగ్గుతుంది. రెండు తప్పులూ ఒకేసారి జరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కొలత సరైనదానిలాగే కనిపిస్తుంది. "అన్నిటికంటే ప్రమాదం అదే. తప్పు దొరకదు" అన్నారు.

ఇంత చిన్న తేడాకి ఇంత రాద్ధాంతమా అని మాలో ఒకాయన అడగనే అడిగారు. దానికి జవాబు అంకెల్లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో రెండేళ్ల ఆడపిల్ల పొడవు మధ్యగతం, అంటే పిల్లలందరినీ పొడవు వరసలో పెడితే నడిమధ్యన వచ్చే కొలత, 86.4 సెంటీమీటర్లు. ప్రామాణిక విచలనం, అంటే పిల్లల కొలతలు మామూలుగా ఎంత అటూ ఇటూగా ఉంటాయో చెప్పే అంకె, సుమారు 3.2. మధ్యగతం నుంచి రెండు విచలనాలు కిందికి దిగితే 80.0. ఆ గీత కింద ఉన్న బిడ్డను వయసుకు తగ్గ ఎత్తు లేని బిడ్డగా లెక్కిస్తారు. ఈ దూరాన్ని విచలనాల్లో చెప్పేదే జెడ్ స్కోరు. మైనస్ రెండుకు దిగువ అయితే లోపం, మైనస్ మూడుకు దిగువ అయితే తీవ్రమైన లోపం. అంటే రెండేళ్ల బిడ్డకు ఒక సెంటీమీటరు తప్పితే జెడ్ స్కోరులో దాదాపు మూడోవంతు తప్పినట్టు. అప్పుడే పుట్టిన బిడ్డకైతే విచలనమే 1.9 సెంటీమీటర్లు, అక్కడ ఒక సెంటీమీటరు అంటే సగం స్కోరు. బిడ్డ ఎంత చిన్నదైతే మన చేతి తప్పు అంత పెద్దది.

పైగా పొడవు తప్పితే దానితోనే ఆగదు. బరువుకు సంబంధించిన ముఖ్యమైన లెక్క, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా లేదా అన్నది, పొడవు మీదే ఆధారపడి ఉంది. ఏడాది వయసు ప్రాంతంలో ఒక సెంటీమీటరు పెరిగితే ఉండాల్సిన బరువు సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. తల జారి పొడవు ఎక్కువ పడితే, సరిగ్గా ఉన్న బిడ్డ కృశించినట్టు కనిపిస్తుంది. మోకాలు వంగి తక్కువ పడితే, నిజంగా కృశించిన బిడ్డ బాగున్నట్టు కనిపిస్తుంది. తూకం యంత్రం 100 గ్రాముల వరకు ఖచ్చితంగా చూపించినా ఏం లాభం?

శిక్షణ చివర ప్రామాణీకరణ పరీక్ష పెట్టారు. పదిమంది పిల్లలు, ఒక్కొక్కరినీ ప్రతి బృందమూ రెండేసి సార్లు కొలవాలి. మొదటిసారి రాసిన కాగితం తీసేసుకుంటారు, రెండోసారి కొలిచేటప్పుడు పాత అంకె చూసే వీలుండదు. పిల్లలకు విసుగు, తల్లులకు విసుగు, మాకు చెమటలు. రెండు కొలతల తేడాలను ఒక్కొక్క బిడ్డకూ లెక్కించి, వర్గం చేసి, అన్నిటినీ కూడి, పిల్లల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తారు. వచ్చేదాన్ని కొలతలో సాంకేతిక దోషం అంటారు. పొడవులో అది 0.4 సెంటీమీటర్ల లోపు ఉంటే బాగున్నట్టు, 0.6 దాటితే పనికిరానట్టు. మా బృందం గట్టెక్కింది. కానీ గట్టెక్కడంతోనే వదల్లేదు. మా అంకెలను శిక్షకురాలి అంకెల పక్కన పెట్టి చూశారు. ఎందుకంటే ఎప్పుడూ ఒకేలా తప్పు కొలిచేవాళ్లకు కూడా ఈ దోషం తక్కువే వస్తుంది. ప్రతిసారీ తల ఒకేరకంగా వదులుగా పట్టుకుంటే రెండు కొలతలూ చక్కగా కలుస్తాయి, రెండూ ఎక్కువే చూపిస్తాయి.

ఇంకో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. ఒక బృందం కాగితాల్లో పొడవులన్నీ 0తోనో 5తోనో ముగుస్తున్నాయి. 74.0, 81.5, 68.0, 90.5. బిడ్డ కదులుతుంటే కన్ను దగ్గరలో ఉన్న పెద్ద గీత మీదికి పోతుంది, చేయి అదే రాసేస్తుంది. ఎవరూ కావాలని చేయరు. నిజానికి చివరి అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా దాదాపు సమానంగా పడాలి. సర్వే జరుగుతున్న రోజుల్లో కూడా సాయంత్రం కాగితాలు అందగానే పర్యవేక్షకులు మొదట చూసేది ఆ చివరి అంకెనే. నాకు మొదట్లో అది చాదస్తంగా అనిపించేది. ఇప్పుడు ఎవరి పట్టిక చూసినా నా కన్ను ముందుగా అటే పోతోంది.

బరువు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. యంత్రాన్ని సమతలంగా ఉన్న గట్టి నేల మీద పెట్టాలి, రోజూ పొద్దున తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి, బిడ్డ ఒంటి మీద బట్టలు వీలైనంత తగ్గించాలి. తడిసిన లంగోటా కూడా బరువే. ఒంటరిగా నిలబడని బిడ్డయితే ముందు తల్లి యంత్రం ఎక్కుతుంది, ఆమె బరువు కనబడ్డాక మీట నొక్కి దాన్ని సున్నా చేస్తాం, అప్పుడు బిడ్డను ఆమె చేతికిస్తే బిడ్డ బరువొక్కటే తెర మీద కనిపిస్తుంది. తల్లులకు ఇది భలే సరదా. చాలామంది తమ బరువు కూడా చెప్పమని అడిగేవారు, చెప్పేవాళ్లం.

కొలవని కొలత ఒకటుంది, అది వయసు. దాన్ని అడిగి తెలుసుకోవాలి. పొడవు తర్వాత నాకు కష్టమనిపించింది ఇదే. పుట్టినతేదీ పత్రం ఉంటే గొడవ లేదు. లేకపోతే, "ఏడాది దాటిందండి", "రెండు నిండాయి" అంటారు. అలా అన్న వయసులన్నీ పన్నెండు, ఇరవైనాలుగు, ముప్పైఆరు నెలల దగ్గర కుప్పపడతాయి. అందుకని ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనలతో ఒక పట్టిక తయారుచేసుకుని వెళ్లేవాళ్లం. పెద్ద వాన పడ్డప్పటికి పుట్టాడా, తర్వాతా? ఎన్నికల రోజుకి కడుపులో ఉందా, చేతిలో ఉందా? అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి అడుగుతూ నెల దాకా కుదించుకురావాలి. ఎందుకంటే ఏడాది మగబిడ్డ పొడవు మధ్యగతం 75.7, పదమూడో నెలకు 76.9. ఒక్క నెలకు 1.2 సెంటీమీటర్లు. ఆ వయసులో విచలనం 2.4 కాబట్టి, వయసు ఒక నెల తప్పితే అర స్కోరు తప్పుతుంది. బల్ల మీద మిల్లీమీటర్ల కోసం పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతాయి. నాలుగేళ్లు వచ్చాక నెలకు అర సెంటీమీటరుకు అటూ ఇటూగానే పెరుగుతారు, అప్పుడు నెల తేడా అంతగా బాధించదు.

జబ్బ చుట్టుకొలతకు వయసుతో అంత పని లేదు, దాని గొప్పతనం అదే. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలందరికీ ఒకటే గీత. ఆ వయసుల్లో జబ్బ చుట్టుకొలత అంతగా మారదు కాబట్టి అది సాధ్యమైంది. ఎడమ చేతిని మోచేతి దగ్గర వంచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ నడిమధ్యన గుర్తు పెట్టి, చేతిని కిందికి వదులుగా వేలాడదీసి టేపు చుట్టాలి. చర్మం నొక్కుకోకూడదు, సందూ ఉండకూడదు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, అంటే అతి తీవ్రమైన పోషకాహార లోపం. 115 నుంచి 125 లోపు పసుపు. ఆపైన ఆకుపచ్చ. క్షణాల్లో అయిపోయే పని. ఇది చాలదా, బల్ల మోసుకు తిరగడం ఎందుకు అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. చాలదు. టేపు ఎరుపు చూపించిన పిల్లలూ, ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో మైనస్ మూడు దాటి దిగిన పిల్లలూ అందరూ ఒకరే కారు. కొందరు రెండింటిలో దొరుకుతారు, చాలామంది ఏదో ఒకదానిలోనే దొరుకుతారు. మా పట్టికల్లోనూ అదే కనబడింది. టేపు చిన్న వయసు పిల్లలనే ఎక్కువగా పట్టుకుంటుంది.

ఇక ఈ కొలతలేవీ పట్టుకోలేనిది ఒకటుంది. మూడేళ్ల లోపు పిల్లవాడొకడు తల్లి ఒళ్లో కూర్చుని ఉన్నాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఏడవలేదు, పెనుగులాడలేదు, బల్ల మీద కూడా పెట్టినచోట పెట్టినట్టు ఉన్నాడు. అంత సులువుగా కొలిపించుకున్న పిల్లవాడు అదివరకు మాకు తగల్లేదు. బరువు కూడా పట్టికలో బాగానే ఉన్నట్టు కనిపించింది. తల్లి సంతోషంగా, "ఈమధ్య కాస్త ఒళ్లు చేశాడండి" అంది. వరసలో మిగిలింది పాదాలు చూడటం. రెండు పాదాల మీదా బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి తీశాను. రెండు గుంటలు పడ్డాయి. అలాగే ఉండిపోయాయి.

రెండు పాదాల్లోనూ నొక్కితే గుంటపడే నీరువాపు ఉంటే, బరువు ఎంతున్నా, టేపు ఏ రంగు చూపించినా, అది అతి తీవ్రమైన పోషకాహార లోపమే. ఒంట్లో చేరిన నీరు తూకంలో బరువుగా పడుతుంది, నిజంగా తగ్గిన కండను కప్పేస్తుంది. అందుకే అలాంటి బిడ్డకు ఎత్తుకు తగ్గ బరువు లెక్క కట్టనే కట్టరు. ఒక్క పాదంలోనే వాపుంటే అది దెబ్బ కావచ్చు, పుండు కావచ్చు, కాబట్టి రెండూ చూడాలి. బిడ్డ మందకొడిగా, ఏ గొడవా లేకుండా ఉండటం కూడా ఆ జబ్బులో భాగమేనని నాకు శిక్షణలో చెప్పారు, అయితే ఎదురుగా చూసినప్పుడు గానీ మనసుకు ఎక్కలేదు. కాగితం మీద రాసి, పర్యవేక్షకుడికి ఫోను చేసి, అప్పటికప్పుడే ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేశాం. ఆ తల్లికి విషయం చెప్పే పని నా సహాయకురాలు తీసుకుంది. "అమ్మా, ఇది ఒళ్లు చేయడం కాదు, నీరు పట్టడం. ఇవాళే చూపించాలి" అని రెండు ముక్కల్లో చెప్పింది. నేనైతే చుట్టూ తిప్పి చెప్పేదాన్నేమో.

తల్లుల ప్రశ్నలకు జవాబు చెప్పడం శిక్షణలో ఎవరూ నేర్పలేదు. బల్ల మీద నుంచి బిడ్డను ఎత్తుకోగానే అందరూ అడిగేది ఒకటే: మావాడు బాగున్నట్టేనా? బరువు బాగుంది, పొడవు తక్కువ అని చెబితే మొహంలో ఊరట. బరువు బాగుందన్న ముక్కే వినబడుతుంది. "మా వంశంలో అందరమూ పొట్టేనండి" అని ఒకామె నవ్వుతూ కొట్టిపారేసింది. ఆమె మాటను నేను తప్పు అనలేను. పూర్తి ఆరోగ్యంగా పెరిగిన పిల్లల్లో కూడా 2.3 శాతం మంది మైనస్ రెండు గీత కింద ఉంటారు. గీతను లెక్కించిన పద్ధతిలోనే ఆ సంగతి ఉంది. ఒక్క బిడ్డను ఒక్కసారి కొలిచి, ఈ బిడ్డ పొట్టితనం పుట్టుకతో వచ్చిందా, తిండి చాలక, మాటిమాటికీ జబ్బు పడి వచ్చిందా అని ఎవరూ చెప్పలేరు. అదే బిడ్డ పాత కొలతలు ఉంటే చెప్పవచ్చు. ఎదుగుదల పటం మీద మొదటినుంచీ తన గీతకు సమాంతరంగా పోతున్న బిడ్డ వేరు, ఆరో నెల దాకా పైగీతలో ఉండి అక్కడినుంచి ఒక్కొక్క గీతా దాటుకుంటూ కిందికి జారిన బిడ్డ వేరు. ఆమె దగ్గర కార్డు ఉంది. బరువు చుక్కలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. పొడవు చుక్క ఒక్కటీ లేదు.

సర్వే ఒక్కొక్క బిడ్డకు తీర్పు చెప్పడానికి కాదు, మొత్తం జనాభాను చూడటానికి. ఆరోగ్యవంతుల్లో 2.3 శాతం ఉండాల్సిన చోట పదిమందిలో ముగ్గురు ఆ గీత కింద తేలితే, అప్పుడు వంశం మాట చెల్లదు. 30 శాతం దాటితే దాన్ని చాలా ఎక్కువ స్థాయిగా లెక్కిస్తారు.

వంశం మాట ఎందుకు చెల్లదన్నదానికి గట్టి ఆధారం ఆ గీతలు పుట్టిన తీరులోనే ఉంది, మాకు శిక్షణలో ఒక మధ్యాహ్నమంతా దాని గురించే చెప్పారు. ఇదివరకు ప్రపంచమంతా వాడిన 1977 నాటి పటం అమెరికా పిల్లలది. అందులో చంటిపిల్లల భాగానికి ఆధారమైన పిల్లలు ఎక్కువగా డబ్బాపాలు తాగినవాళ్లు. తల్లిపాలు తాగే బిడ్డ పెరుగుదల తీరు వేరు కాబట్టి, ఆ పటం మీద చుక్క పెడితే, కొన్ని నెలలయ్యాక చక్కగా పెరుగుతున్న బిడ్డ కూడా వెనకబడుతున్నట్టు కనిపించేది. దాన్ని సరిచేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరుచోట్ల పిల్లలను కొలిపించింది. బ్రెజిల్‌లో పెలోటాస్, ఘానాలో అక్రా, భారతదేశంలో ఢిల్లీ, నార్వేలో ఓస్లో, ఒమాన్‌లో మస్కట్, అమెరికాలో డేవిస్. సుమారు 8,500 మంది. తల్లిపాలు తాగుతూ, పొగతాగని తల్లులకు పుట్టి, ఎదుగుదలకు అడ్డం వచ్చే లేమి లేని ఇళ్లలో పెరుగుతున్న పిల్లలనే ఎంచుకున్నారు. 2006లో ఆ ప్రమాణాలు వచ్చాయి. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆరు దేశాల పిల్లలను ఒకే పటంలో కలపవచ్చా అని తేల్చడానికి వాళ్లు నమ్ముకున్నది బరువును కాదు, పొడవును. పొడవుల్లో కనిపించిన మొత్తం తేడాలో దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది 3 శాతం మాత్రమే. ఒకే ఊళ్లో బిడ్డకూ బిడ్డకూ మధ్య ఉన్నది 70 శాతం. మంచి పరిస్థితుల్లో ఉంచితే ఓస్లో బిడ్డా ఢిల్లీ బిడ్డా ఈ వయసులో దాదాపు ఒకేలా పొడవు పెరుగుతారు.

ఆ అధ్యయనంలో ప్రతి బిడ్డనూ ఇద్దరు విడివిడిగా కొలిచేవారట. పొడవులో ఇద్దరి అంకెలకూ తేడా 7 మిల్లీమీటర్లు దాటితే ఇద్దరూ మళ్లీ కొలవాల్సిందే. ఇది విన్నాక నా 71.8, 72.6 గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది. అంతటివాళ్లకే ఆ నియమం అవసరమైంది మరి.

సర్వే ముగిశాక అంకెలను కంప్యూటర్‌లో వేసి చూసే సమావేశానికి మమ్మల్నీ పిలిచారు. ముందు అసాధ్యమైన స్కోర్లను ఏరేస్తారు. వయసుకు తగ్గ ఎత్తులో ఆరు విచలనాలకు అవతల, ఎత్తుకు తగ్గ బరువులో అయిదుకు అవతల పడినవి బతికున్న బిడ్డవి కావు, రాతలో జరిగిన పొరపాట్లు. తర్వాత ఎత్తుకు తగ్గ బరువు స్కోర్ల విస్తృతి చూస్తారు. విచలనం 0.8కీ 1.2కీ మధ్య ఉండాలి. పైకి పోయిందంటే కొలతలు ఇష్టం వచ్చినట్టు తీశారని అర్థం. ఇక్కడ నేను ఊహించని విషయం ఒకటి తెలిసింది. నిర్లక్ష్యంగా కొలిస్తే, తప్పులు అటూ ఇటూ సమానంగా పోయి సగటు బాగానే ఉంటుంది కదా అనుకుంటాం. సగటు బాగానే ఉంటుంది. కానీ రెండు కొసలూ సాగుతాయి. మైనస్ రెండు గీత కిందికి, నిజంగా ఉండాల్సినవాళ్లకంటే ఎక్కువమంది పడతారు. అంటే చేయి వదులైతే కాగితం మీద పోషకాహార లోపం పెరుగుతుంది. ఆ శాతాన్ని చూసే ఎవరో ఎక్కడో ఎంత సరుకు పంపాలో నిర్ణయిస్తారు.

ఒక బృందం స్కోర్ల విచలనం 1.2 దాటింది. వాళ్లు వెళ్లినచోట కొందరు పిల్లలను మళ్లీ కొలవాల్సి వచ్చింది. కారణం వెతికితే, వాళ్లలో సహాయకుడు నడుమ మారాడు. కొత్తగా వచ్చినతను శిక్షణకు రాలేదు, తల పట్టుకోవడమే కదా అని ఎవరో చేతికి దొరికితే కూర్చోబెట్టారు. కొలిచేవాడికి వేరే జీతం, పట్టుకునేవాడికి తక్కువ జీతం అన్న పద్ధతి ఉన్నన్నాళ్లూ ఇలాగే జరుగుతుందని నా అభిప్రాయం. సమావేశంలో ఆ మాట అన్నాను కూడా. కొందరు తలూపారు, కొందరు టీ కోసం లేచారు.

తర్వాతి విడత శిక్షణకు మా పాతవాళ్లలో కొందరిని సాయానికి రమ్మన్నారు. పాదాల పలక దగ్గర నేర్పడానికి అందరూ ముందుకొచ్చారు. నేను తలపలక వెనక కూర్చునే పని అడిగి తీసుకున్నాను. కొత్తవాళ్లకు మొదట నేర్పుతున్నది అరచేతులు ఎక్కడ ఉండాలో, నడినెత్తి ఆనిందో లేదో వేలితో ఎలా చూసుకోవాలో. తల జారితే, ఎదుటివాళ్లు అంకె చదివేసినా సరే, "మళ్లీ" అని గట్టిగా చెప్పమంటున్నాను. వాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంది.